మూడో స్ప్రింగు

పోయిన నెల రోడ్డు వెడల్పు చేస్తూ మా సందు మొదట్లో ఉండే అప్పారావు మామ మెకానిక్ షెడ్డును తీసేశారు. మామ పోయి నాలుగేళ్ళయింది, అప్పట్నుంచీ షెడ్డుకి తాళమే. రేకులూ గుంజలూ లారీకెత్తేశాక యంత్రంతో నేల తవ్వుతుంటే, కాలేజీలో పాఠాలు చెప్పి ఇంటికొస్తున్న నేను ఆగి చూశాను. మట్టి నల్లగా ఉంది. పైపొర మాత్రమే అనుకున్నాను, మూరెడు లోతుకి వెళ్ళినా నలుపు పోలేదు. ముప్ఫై ఏళ్ళపాటు బండ్లలోంచి కారిన నూనె అంత లోపలికి ఇంకిపోయింది. తిరగేసిన ఆ మట్టిలోంచి వాసన లేచింది. కాలిన గేరు నూనె వాసన, కొంచెం చేదుగా, కొంచెం వెచ్చగా. పక్కన నిలబడ్డవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న రోజుల్లోకి, మా ఇంటి వసారాలోకి వెళ్ళిపోయాను. ఆ ఏడాది చెరకు ఆడే కాలంలో మా ఇంట్లో జరిగినదాన్ని ఎప్పటికైనా రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఆ మట్టి చూశాక ఇంక ఆగలేకపోయాను.

అమ్మ పేరు మేరీ రత్నం. ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం. ఊళ్ళలో ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు, అందరికీ నర్సమ్మే. తుమ్మపాల దాటాక కాలవ గట్టు వెంట ఉన్న ఊళ్ళు ఆవిడవి. గర్భిణీలకి మాత్రలు, బాలింతలకి పరీక్షలు, బుధవారం శనివారం పసిపిల్లలకి టీకాలు. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుని, పొయ్యి మీద అన్నం పడేసి, అది ఉడికేలోపు వసారాలో మోపెడ్ దగ్గర కూర్చునేది. పెట్రోలులో కలిపే నూనెని మందు కొలిచే ప్లాస్టిక్ కప్పుతో కొలిచి పోసేది. టాంకు మూత బిగించి బండిని రెండుసార్లు అటూ ఇటూ ఊపేది, దగ్గు మందు సీసా కలిపినట్టు. చెయిన్‌కి బొట్టు బొట్టుగా నూనె వేసి పాత గుడ్డతో తుడిచేది. తర్వాత సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, స్పిరిట్ రాసుకుని, అప్పుడు నా జడ వేసేది. అందుకే నా జడలో ఎప్పుడూ స్పిరిట్ వాసన వచ్చేది. మా నాన్న ఆనందరావుది ఇంకో వాసన. ఆయన బెల్లం మార్కెట్లో ఒక షావుకారు గారి కొట్టులో కాటా దగ్గర పనిచేసేవాడు. రోజంతా బెల్లం దిమ్మల మధ్యే ఉండడం వల్ల ఆయన చొక్కాలకి చీమలు పట్టేవి. వాటిని అందరి బట్టలతో కలిపి దండెం మీద వెయ్యనిచ్చేది కాదు అమ్మ. విడిగా ఒక మేకుకి తగిలించి, మేకు చుట్టూ కిరసనాయిలు రాసేది. ఆ ఇంట్లో అన్నం తింటే కూడా ఏదో ఒక నూనె వాసన తగలకుండా ఉండేది కాదు.

మోపెడ్ అంటే ఇప్పటి పిల్లలకి చెప్పాలి. సైకిలుకి ఇంజను పెట్టినట్టుండేది. పెడళ్ళు తొక్కితే స్టార్టయ్యేది. గేర్లు మార్చే పని లేదు, చేత్తో నొక్కే క్లచ్ లేదు. క్లచ్ లోపలే ఉంటుంది. ఇంజను వేగం పెరిగితే మూడు ముక్కలు విసురుకి బయటికి జరిగి, చుట్టూ ఉన్న డ్రమ్మును లోపల్నుంచి పట్టుకుంటాయి. అప్పుడు బండి కదులుతుంది. చెయ్యి తీసేసి వేగం తగ్గిస్తే మూడు చిన్న స్ప్రింగులు ఆ ముక్కల్ని వెనక్కి లాక్కుంటాయి. ఇంజను మోగుతూనే ఉంటుంది, బండి నిలబడిపోతుంది. ఇవన్నీ గేరు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. ఈ సంగతి అప్పుడు నాకు తెలీదు, అమ్మకీ తెలీదు. బండికి నూనె మార్చడం అప్పారావు మామ పని. అమ్మని ఆయన అక్కా అనేవాడు, నాకు మామ అయ్యాడు.

మొదటిసారి తుమ్మపాల రోడ్డు మీద జరిగింది. ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు బారులు తీరి ఉంటే అమ్మ వెనకాల ఆగింది. ఆగిన బండి ఉన్నట్టుండి ముందుకి దూకి, ముందున్న చెరకు బండికి గుద్దుకుంది. చెరకు మోపులే కాబట్టి ఏమీ కాలేదు. అమ్మ నవ్వుతూ చెప్పింది ఇంటికొచ్చి. రెండోసారి మా వసారా ముందరే, చామంతి కుండీలు రెండు పగిలాయి. అప్పుడు నవ్వలేదు. అప్పారావు మామ దగ్గరికి తీసుకెళితే ఆయన పెడల్ తొక్కి, సందులో ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"బండిలో ఏటీ లేదక్కా. సేతులో ఎక్సిలేటర్ ఉండిపోతోందేటో సూసుకో. అలవాటు మీద తిప్పేత్తావు, నీకు తెలీదు."

మూడోసారి ఒక బుధవారం నాడు. కాలవ గట్టు మీద చివరి ఊరు. గౌరినాయుడు తాత అనే ముసలాయన తన ఇంటి అరుగు మీద కాళ్ళు కిందికి చాపుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన ముందరే బండి ఆపింది. ఇంజను ఆపకుండానే టీకా పెట్టె దించబోతుండగా బండి దూకింది. ముందు చక్రం వెళ్ళి ఆయన కుడి కాలిని అరుగుకేసి నొక్కేసింది. మోకాలి కింద ఎముక విరిగింది. అమ్మే అక్కడున్న రెండు వెదురు బద్దలు కట్టి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు వేయించి, సాయంత్రం ఇంటికొచ్చింది. చీర మీద దుమ్ము అలాగే ఉంది. వసారాలో కూర్చుని, "ముసలాయన కాలు ఇరగ్గొట్టేసేను," అంది.

ఆదివారం చర్చిలో తెలిసినవాళ్ళందరూ ఒకటే మాట. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి కదా, ఈ వయసులో ఆడమనిషికి బండి ఎందుకు, చేతులు పట్టు తప్పుతాయి, చూపు తగ్గుతుంది. ఎవరూ చెడ్డగా అనలేదు, ప్రేమగానే అన్నారు. ప్రేమగా అనడం వల్లే అమ్మ దానికి ఎదురు చెప్పలేకపోయింది. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు కూడా మంచిగానే, ఒకటో తారీఖు నుంచి లోపల కూర్చుని రిజిస్టర్లు రాద్దువుగాని, ఊళ్ళకి ఇంకో అమ్మాయిని పంపుతానన్నారు. నాన్న ఏమీ అనకుండా బండి తాళం చెవి తన చొక్కా జేబులో వేసుకుని కొట్టుకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. బండి గోడవారన దుప్పటి కప్పుకుని ఉండేది. అమ్మ బస్సులో, షేర్ ఆటోలో, నడకలో తిరిగేది. ఆరు ఊళ్ళు తిరిగే మనిషి మూడు ఊళ్ళే తిరగగలిగేది.

నన్ను భయపెట్టింది మాత్రం అది కాదు. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అమ్మ కుట్టు సూది, దారం పట్టుకుని గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. కుట్టేది ఏమీ ఉండదు. సూదిలో దారం ఎక్కించడం, తియ్యడం, మళ్ళీ ఎక్కించడం. ఒకరోజు దారం నాలుగుసార్లు తప్పింది. సూది పక్కన పెట్టేసి, తన వేళ్ళని వెలుగులో పెట్టి చూసుకుంది. నేను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"సుజాతా, నిజం చెప్పు. నా చేతులు వణుకుతున్నాయా?"

వణుకుతున్నాయి. నేను లేదన్నాను.

"బండి పోతే పోయింది. నెల పిల్లలకి సూది వేసే చేతులివి. బండి మీద నాకు తెలీకుండా చెయ్యి తిరిగిపోతే, సూది దగ్గర తిరగదని ఏటి నమ్మకం? ఆ రిజిస్టర్లే రాసుకోవాలి కాబోలు."

అమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆవిడకి ఏడుపు కన్నా లెక్క తేలకపోవడం ఎక్కువ బాధ. తన చెయ్యి ఎప్పుడు తిరిగిందో తనకి గుర్తు లేకపోవడం, అదే ఆవిడని తినేసింది.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక తాతని చూడ్డానికి బయల్దేరితే నేనూ వెళ్ళాను. ఆటో దిగి గట్టు మీద చాలా దూరం నడిచాం. ఊళ్ళో బెల్లం వండే పొయ్యిల పొగ పొలాల మీద పరుచుకుని ఉంది. తాత మంచం మీద పడుకుని, కట్టు కట్టిన కాలుని దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. అమ్మ కాలి వేళ్ళు తాకి చూసింది, వేడి ఉందా, కదుపుతున్నాడా అని. ఆ పని అయ్యాక, తప్పు నాదే తాతా, క్షమించమని అడిగింది. ఆయన వినిపించుకోనట్టు చుట్ట వెలిగించుకున్నాడు.

"అయన్నీ సరేగానమ్మా, నేనొకటి సెబుతాను, ఇను. ఆ రోజు అందరూ ఉరికొచ్చి నన్నెత్తేరు. నన్నెవుడూ అడగలేదు. నేను నీకేసే సూత్తన్నాను. నీ కుడి సెయ్యి పెట్టి మీదుంది. పట్టీ ఇప్పుతున్నావు."

అమ్మ తల ఎత్తింది. "బాగా చూసేవా తాతా?"

"అరుగు మీద కూకున్నోడికి సూడ్డం గాక ఇంకేటి పని? ఎడమ సెయ్యి ఎడమేపు పిడి మీదుంది. కుడి సెయ్యి పెట్టి మీద. బండి ఎగిరింది, అప్పుడు నువ్వు గాభరాగా ఆ సెయ్యి తెచ్చి దాన్ని అట్టుకున్నావు. అట్టుకున్నాక అది ఇంకా గట్టిగా వచ్చింది. ముందర మాత్రం సెయ్యి లేదు."

మోపెడ్‌కి ఎక్సిలేటర్ ఉండేది కుడిచేతి పిడిలో. చెయ్యి పెట్టె మీదుంటే పిడి ఎలా తిరుగుతుంది? తిరుగుదారిలో గట్టు మీద అమ్మ ఎంత వేగంగా నడిచిందంటే నేను పరిగెత్తాల్సి వచ్చింది. చెరకు బండి దగ్గర, కుండీల దగ్గర, తాత ఇంటి దగ్గర, మూడుసార్లూ ఎక్కణ్ణుంచి వచ్చి ఆగిందో పైకే లెక్కపెట్టుకుంటూ నడిచింది. మూడుసార్లూ దూరం నుంచే. చాలాసేపు నడిచి వేడెక్కిన బండే. అప్పారావు మామ తిప్పింది చల్లటి బండిని, సందులో ఒక చుట్టు.

ఇంటికొచ్చి తాళం చెవి అడిగితే నాన్న ఇవ్వలేదు.

"నీ మాట నమ్మక కాదు మేరీ. ఈసారి ఇరిగేది నీ కాలయితే?"

"అయితే సుజాత నడుపుతుంది. నేను వెనక కూర్చుంటాను. ఇది చూడకపోతే నాకు నిద్ర పట్టదు."

నాన్న జేబులోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. బెల్లం అంటుకుని అది నా అరచేతికి అతుక్కుపోయింది. "నెమ్మదిగా వెళ్ళండి," అన్నాడు. మేం సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

తుమ్మపాల దాటేవరకూ బండి బుద్ధిగానే ఉంది. రెండుసార్లు ఆపి చూశాం, కదల్లేదు. కాలవ గట్టెక్కి ఇంకొంచెం పోయాక అమ్మ వెనక నుంచి ఆపమంది. పిడి మీంచి చెయ్యి తీసేశాను. ఇంజను ఆగకుండా, మామూలు కన్నా కొంచెం హెచ్చుగా మోగుతోంది. నా కింద బండి లాగడం మొదలుపెట్టింది, కట్టు తెంచుకోబోయే దూడ లాగినట్టు. అయినా చెయ్యి పిడి దగ్గరికి పోనివ్వలేదు, బ్రేకు గట్టిగా పట్టుకున్నాను. ఇంజను ఆగిపోయింది.

"అమ్మా, లాగింది. నా చెయ్యి దాని మీద లేదు."

అమ్మ దిగి, బండిని స్టాండు మీద ఎక్కించి, మళ్ళీ స్టార్టు చేయించింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడమంది నన్ను. వెనక చక్రం గాలిలో గిర్రున తిరుగుతోంది. నిలబడి ఉండాల్సిన చక్రం. అమ్మ గట్టు మీద గొంతుకిళ్ళా కూర్చుని, ఆ చక్రాన్ని చూస్తూ ఉండిపోయింది. లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, "పద, దీని కడుపులో ఏటుందో చూద్దాం," అంది.

అప్పారావు మామ ఆదివారం షెడ్డు తియ్యడు. మర్నాటిదాకా ఆగడం అమ్మ వల్ల కాలేదు. వసారాలో పాత పేపర్లు పరిచింది. ఆరోగ్య కేంద్రంలో పూత ఊడిపోయి తీసేసిన ఒక తెల్లటి ఎనామిల్ ట్రే ఇంట్లో ఉండేది, దాన్ని గేరు పెట్టె కింద పెట్టింది. నూనె వేడిగా ఉన్నప్పుడే దింపాలి, అడుగున ఉన్నదంతా కలిసి వచ్చేస్తుందని ఎవరు చెప్పారో ఆవిడకి, లేక తనే ఊహించిందో. కింది బోల్టు విప్పగానే నూనె కారింది. తేనె రంగులో ఉండాల్సిన నూనె కాటుకలా ఉంది, రావాల్సినదాంట్లో సగం కూడా రాలేదు. అమ్మ గాయాలకి కట్టే గాజుగుడ్డ రెండు మడతలు వేసి, ఆ నూనెని ఒక గిన్నెలోకి వడకట్టింది. గుడ్డ మీద నల్లటి మడ్డి మిగిలింది. అందులో వెండి పొడిలా ఏదో మెరిసింది. అమ్మ ఆసుపత్రి పటకారు తెచ్చి ఆ మడ్డిని మెల్లగా కెలికింది. బియ్యపు గింజకి రెండింతలుండే తీగ ముక్క ఒకటి బయటపడింది. ఒక కొన కొక్కెంలా వంగి ఉంది. కిరసనాయిల్లో కడిగి, పటకారుతో పైకెత్తి వెలుగులో పట్టుకుంది.

అప్పుడు చూశాను ఆ చెయ్యి. పటకారు కొన మీద అంత చిన్న ముక్క కాస్తయినా కదలటం లేదు.

అమ్మ కూడా చూసుకున్నట్టుంది. ముక్కని ట్రేలో పెట్టి, వసారా గోడకి చేరగిలబడి, కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, మెల్లగా, ఆగి ఆగి. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరికీ మోచేతులదాకా మసి. నాన్న బయటికొచ్చి, మమ్మల్నీ ట్రేనీ చూసి, ఏమీ అర్థం కాక, తనూ పక్కన కూలబడ్డాడు. అమ్మ ఆయనకి ఆ ముక్క చూపించి అంతా చెప్పింది. నాన్న దాన్ని అరచేతిలో వేసుకుని, కాటాలో బెల్లం తూచేవాడు కదా, అలవాటు కొద్దీ చెయ్యి పైకీ కిందికీ ఆడించాడు. "ఇంతోటి దానికి," అన్నాడు. "నీకేటో జబ్బు చేసిందనుకున్నాను మేరీ. మా నాన్నకి సేతులు వణకడం అలాగే మొదలయ్యింది. నీకు సెప్పలేక తాళం దాసేను."

ఇన్నాళ్ళూ ఆయన మాట్లాడకపోవడం కోపం అనుకున్నాం మేం. ఆయన భయాన్ని మేం చూడలేదు.

మర్నాడు అప్పారావు మామ గేరు పెట్టె మూత విప్పాడు. మూడు స్ప్రింగుల్లో రెండు బాగున్నాయి, మూడోది విరిగి వేలాడుతోంది. అది వెనక్కి లాగాల్సిన క్లచ్ ముక్క వదులై ఒక్కోసారి డ్రమ్ముకి తగులుకుంటోంది. బండి వేడెక్కి ఇంజను వేగం హెచ్చినప్పుడే ఆ పట్టు గట్టిపడుతోంది. నూనె తగ్గిపోయి, అరిగి, వేడి ఇంకా పెరిగింది. మామ చేతులు తుడుచుకుని, అమ్మ మొహం చూడకుండా చెప్పాడు.

"తప్పు నాదక్కా. సల్లబండిని తిప్పి సూసి నీ మీదెట్టేసేను. నూనె కూడా పైనుంచి పోసేను గాని, దింపి మార్చలేదు."

"నేనూ అడగలేదుగా అప్పారావూ. ఇకనించి నేనే దింపుతాను. నువ్వు పక్కన నిలబడి చూపించు."

అలాగే జరిగింది. మూడు స్ప్రింగులూ కొత్తవి వేశారు, ఒకటి పోయిందంటే మిగతావీ అరిగినట్టేనని మామ అన్నాడు. అమ్మ డాక్టరు గారి దగ్గరికి ఆ ముక్కనీ, తడిసిన గాజుగుడ్డనీ పొట్లం కట్టి తీసుకెళ్ళింది. రిజిస్టర్ల మాట మళ్ళీ రాలేదు. తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ అమ్మ లేచి నిలబడింది. అక్కడ మామూలుగా జ్వరాలు తగ్గినవాళ్ళు, పరీక్షలు పాసైనవాళ్ళు చెబుతారు. అమ్మ మాత్రం మోపెడ్ క్లచ్ ఎలా పనిచేస్తుందో మొదట్నుంచి చెప్పి, స్ప్రింగు విరిగితే ఏమవుతుందో చెప్పి, నా చేతులు బాగున్నాయని దేవుడు చూపించాడు, వందనాలు అని కూర్చుంది. క్లచ్ దగ్గర ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివర్లో మాత్రం అందరూ గట్టిగా స్తోత్రం అన్నారు. కొందరు ఆడవాళ్ళు తర్వాత వచ్చి, తమ ఆయన బండి కూడా ఒకసారి చూడమని అడిగారు.

ఇప్పుడు మా సందులో నూనె అక్కర్లేని బండ్లు తిరుగుతున్నాయి. చప్పుడు లేదు, వాసన లేదు, పెట్రోలులో ఏదీ కలపక్కర్లేదు. పాడైతే దాన్ని ఫోనుకి తగిలించి, ఏది పోయిందో ఆ ఫోనే చెబుతుంది. ఆ రోజులే మంచివని నేను అనను. ఒక స్ప్రింగు ముక్క దొరక్కపోతే మా అమ్మ తన చేతుల్నే అనుమానించుకుంటూ మిగతా ఉద్యోగమంతా కుర్చీలో కూర్చునేది, దానికి బండిని కాక వయసునీ ఆడపుట్టుకనీ అనేవాళ్ళం. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది అలా కూర్చుండిపోయారో. ఆ వాసనంటే నాకిష్టం, ఆ రోజులు మళ్ళీ రావాలని మాత్రం లేదు. ఒకటే తేడా తోస్తుంది. అప్పుడు మూత విప్పితే మనకి కనబడేది. కనబడిన దాన్ని పటకారుతో పట్టుకుని, ఇదిగో అని పదిమందికి చూపించగలిగేవాళ్ళం.

బండి బాగయ్యాక వచ్చిన మొదటి బుధవారం నాకు కాలేజీ లేదు. అమ్మ నన్ను వెనక ఎక్కించుకుంది. అన్ని ఊళ్ళూ తిరిగి, బండి బాగా వేడెక్కాక, కాలవ గట్టు మీద చివరి ఊరికి వెళ్ళాం. గౌరినాయుడు తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కట్టు కాలుని ఎదురుగా స్టూలు మీదికి చాపుకుని. అమ్మ సరిగ్గా ఆయన ముందరే ఆపింది. ఇంజను ఆపలేదు. రెండు చేతులూ పిడుల మీంచి తీసేసి, భుజాల ఎత్తుకి లేపి, అరచేతులు ఆయనకి చూపించింది. బండి టకటకమంటూ ఉన్నచోటే నిలబడి ఉంది.

"చూసేవా తాతా? నువ్వు చెప్పిందే నిజం. స్ప్రింగు విరిగింది. కొత్తది వేసేం."

తాత బండినీ, అమ్మ చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. తృప్తిగా తలాడించాడు. ఆ తర్వాత రెండు చేతులతో కట్టు కాలుని నెమ్మదిగా ఎత్తి, స్టూలు మీంచి తీసి, అరుగు మీదికి తెచ్చుకుని పెట్టుకున్నాడు.

"సూసేనమ్మా. నమ్మేను కూడాను. ఇప్పుడు ఇంజను ఆపి ఆ పెట్టి దించు, పిల్లలొత్తన్నారు."